ఆ వేలిముద్ర నాదే

ఈదమ్మ పోయి నెల రోజులైంది. ఆ నెల రోజుల్లో బాలమ్మ కడుపునిండా తిన్న పూట లేదు. ప్రాణానికి ప్రాణంగా మెలిగిన మనిషి పోతే ఎవరికి మాత్రం ముద్ద దిగుతుందని ఊరంతా జాలిపడింది. కోడలు కమల కూడా అదే అనుకుని, జొన్నరొట్టె వేడిగా ఉండగానే అత్త పళ్లెంలో వేసి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. దుఃఖం నిజమే. కానీ బాలమ్మ గొంతుకు అడ్డం పడింది దుఃఖం ఒక్కటే కాదు, ఊరి ఆడవాళ్ల సంఘం ఇంటి గోడకు ఆనించి పెట్టిన నల్లరాయి కూడా.

ఆ రాయిని కోడేరు నుంచి జంగయ్య బండి మీద తెచ్చాడు. రాళ్లు చెక్కడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు, ఆలస్యం చేయడంలోనూ లేడు. ఈసారి మాత్రం ఈదమ్మ పని అనేసరికి చెప్పిన నాడే వచ్చాడు. ఊరి బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, అక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయిన శంకరయ్య సారు ఆ రాయి మీద ఏం చెక్కాలో కాగితం మీద రాసి అందరికీ చదివి వినిపించాడు. పైన ఈదమ్మ పేరు. దాని కింద, 'పద్నాలుగేళ్ల కిందట బెదరకుండా మొదటి దరఖాస్తు మీద వేలిముద్ర వేసిన ఆడవాళ్లు' అని పదకొండు పేర్లు. మొదటిది ఈదమ్మది, ఐదోది బాలమ్మది. నెల దినం సభ ముగియగానే జంగయ్య ఉలి పట్టుకుంటాడు.

బాలమ్మ ఆ దరఖాస్తు మీద వేలిముద్ర వేయలేదు.

ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరు నెల కిందట పోయారు. నోటిమాటగా ఉన్నంతకాలం బాలమ్మ ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడది రాతి మీదికి, అందులోనూ ఈదమ్మ పేరు కిందికి ఎక్కుతుందంటే ఇక నెట్టుకురావడం తన వల్ల కాదనిపించింది. చెబితే ఊళ్లో తలెత్తుకు తిరగలేదు. కమల సంఘంలో చేరిందే 'మా అత్త ముద్ర వేసిన మనిషి' అని గొప్పగా చెప్పుకుంటూ. ఆ పిల్ల ముఖం ఎలా చూడాలి? చెప్పకపోతే, బతికినన్నాళ్లూ ఆ రాయి ముందు నుంచే నీళ్లకు పోవాలి.

ఈదమ్మను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పడం కష్టం. నాయకురాలు అనగానే కళ్ల ముందు కదిలే రూపం ఏదో ఉంటుంది కదా, అదేదీ ఆమెది కాదు. పొట్టి మనిషి. బొంగురు గొంతు. రెండెకరాల మెట్ట చెలక కౌలుకు చేసుకుంటూ, మిగిలిన రోజుల్లో కూలికి పోయేది. మైకు ముందు నిలబెడితే చెమటలు పట్టి, "చెప్పేదంత శంకరయ్య సారు చెప్పిండు" అనేసి కూర్చునేది. ఒకటి రెండుసార్లు సారు ఇంకా నోరు తెరవకముందే ఆ మాట అనేసింది.

ఆమె విద్యంతా రెండు చోట్ల ఉండేది. ఒకటి పొయ్యి దగ్గర. ఎవరింటికి పోయినా వాకిట్లో ఆగే అలవాటు లేదు, నేరుగా లోపలికి పోయి కుండ మీది మూత తీసేది. "ఏం కూర ఒండినవే" అని అడగడం ఆ తర్వాతే. ఆ కుండను చూసి ఆ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరు అలిగారో, ఎవరి మొగుడు నాలుగు రోజులుగా తాగి పడుకున్నాడో చెప్పేసేది. రెండోది పల్లిచేను. వేరుశనగ పీకేటప్పుడు తలా ఒక సాలు పట్టుకుని ముందుకు పోతారు. ఎవరైనా వెనకబడితే ఈదమ్మ తన సాలు ముగించుకుని వచ్చి వాళ్ల సాలులో చేరేది. చేతులు చెట్లు పీకుతుంటే నోరు ముచ్చట పెట్టేది. గట్టు చేరేసరికి ఆ మనిషి కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేది. సంఘం అనే మాట చాలా రోజులు ఆమె నోట రానే లేదు. అది తయారైపోయాక ఎవరో ఆ పేరు పెట్టారు.

మొగుడు పోయిన విజయమ్మ ఎడ్ల జతను అమ్ముకోవడానికి పెబ్బేరు సంతకు పోయినప్పుడు తోడు పోయింది కూడా ఈమే. అక్కడ దళారులు తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి బేరం చెప్పుకుంటారు. విజయమ్మ ఎడ్ల బేరం విజయమ్మకే తెలియకుండా తువ్వాల కింద సాగిపోతుంటే, ఈదమ్మ పోయి ఆ తువ్వాల కింద తన చెయ్యి దూర్చింది. దళారి తేలు కుట్టినట్టు ఎగిరిపడ్డాడు. "నాది గూడ చెయ్యే గదన్నా, బేరం నాతోని చెయ్యి" అంది ఈదమ్మ. ఆ ముచ్చట సంతలో ఏడాది పాటు చెప్పుకున్నారు.

అసలు తగాదా మాత్రం పల్లిచేను గట్టు మీద మొదలైంది. ఊరి పెద్ద పటేలుకు బావుల కింద నలభై ఎకరాల పల్లి ఉండేది. యాసంగి పంట పీకే రోజుల్లో ఊరి ఆడవాళ్లంతా అక్కడికే కూలికి పోయేవారు. పొద్దు గూకే వేళకు పని ముగించి చేను దాటుతుంటే, గట్టు మీద పటేలు కావలివాడు నిలబడేవాడు. ఒక్కొక్కరూ అతని ముందు ఆగాలి. కొంగు విప్పి దులపాలి. నడుం దగ్గర చీర మడతలు వదులు చేసి దులపాలి. పల్లికాయలు దాచుకుపోతున్నారేమోనని ఈ తనిఖీ. అవతల మగ కూలీలు బండ్లకు ఎత్తుతూ చూస్తుండేవారు. ఎవరి ఒడిలోంచైనా నాలుగు కాయలు రాలితే అదొక నవ్వులాట. పిల్లతల్లి అని లేదు, ముసలమ్మ అని లేదు, నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన పిల్ల అని లేదు. మగవాళ్లకు మాత్రం ఏ దులుపుడూ లేదు. దొంగతనం ఆడవాళ్లకే చేతనవుతుందని పటేలు నమ్మకం కాబోలు.

ఒకనాడు తిప్పమ్మ వంతు వచ్చింది. ఆమెకు అప్పటికే యాభై దాటాయి. రోజంతా వంగి పీకిన చేతులు వణికి, దులుపుతుండగా చీర కుచ్చెళ్లు జారి కింద పడ్డాయి. బండ్ల దగ్గర ఎవడో ఈల వేశాడు. ఈదమ్మ పోయి కూర్చుని, కుచ్చెళ్లు ఎత్తి, చిన్నపిల్లకు కట్టినట్టు తిప్పమ్మకు చీర కట్టింది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఈదమ్మ మాట్లాడకుండా ఉండటం బాలమ్మ చూడటం అదే మొదటిసారి.

వారం తిరక్కుండా తాలూకా ఆఫీసుకు దరఖాస్తు తయారైంది. రాసింది శంకరయ్య సారు. కూలికి వచ్చిన ఆడవాళ్ల చీరలు దులిపించే పద్ధతి ఆపించాలని నాలుగు వాక్యాలు, కింద ఈదమ్మ చెప్పిన పదకొండు పేర్లు, పేరు పక్కన వేలిముద్రకు ఖాళీ. "ముద్రలు నేనేయించుకొస్త, నువ్వు రాకు సారూ. మొగోణ్ని చూస్తే ఆడోళ్లు లోపలికి ఉరుకుతరు" అని చెప్పి, బడిలోని స్టాంపు ప్యాడు కొంగున కట్టుకుని ఊళ్లోకి బయలుదేరింది.

బాలమ్మ ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయింది.

"పది మంది ఏసిండ్రే బాలమ్మా. నీదొక్కటే ఉంది" అంది ఈదమ్మ.

బాలమ్మ మొగుడు రామన్న ఆ పటేలు దగ్గరే జీతానికి ఉన్నాడు.

"అక్కా, నాతోని గాదు. రేపే నా మొగణ్ని ఎల్లగొడ్తరు. పిల్లలు ఆగమైతరు."

ఈదమ్మ తిడుతుందనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది, తనూ నాలుగు అని తలుపేసుకునేది. ఈదమ్మ మాత్రం కుండ మూత తీసి, చింతచిగురు పప్పు కొంచెం చేతిలో వేసుకుని నాకి, "ఉప్పెక్కువైంది" అంది. తర్వాత కింద కూర్చుని, కాగితాన్ని మడిచి, బాలమ్మ పేరు పక్క ఖాళీ ఒక్కటే కనిపించేలా పీట మీద పెట్టింది.

"భయపడే మనిషితోని బలిమిటికి ఏయిస్తే అది ముద్ర గాదు. నీది నేనేస్త. పది మంది నడుమ నీ జాగ ఒక్కటి ఖాళీ ఉంటే రేపు మాటొస్తది. ఎవ్వరికి జెప్పకు. నేను గూడ జెప్ప."

"నీ బొటనేలు నీ పేరుకు ఏసుకుంటివి గదక్కా."

"అందుకే చిటికెనేలు ఏస్తున్న. ఒక్క వేలు రెండుమాట్ల పడ్తే తాలూకా కచేరోళ్లు అద్దం బెట్టి పట్టేస్తరంట."

ఎడమచేతి చిటికెన వేలు సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా ఒత్తింది. ఆమె వేళ్లకు అప్పటికే సిరా మరకలున్నాయి. పది మందితో వేయించి వస్తోంది కదా అనుకుంది బాలమ్మ. ఆమె పోయాక గడప మీద కూర్చుని, ఊళ్లో పది మంది ఆడవాళ్లకు ఉన్న గుండె తనకు లేకపోయిందే అని ఏడ్చింది.

పదిహేను రోజులకు తాలూకా ఆఫీసు నుంచి కబురు వచ్చింది. అవన్నీ దొంగ ముద్రలని పటేలు చెప్పాడట. పదకొండు మందీ వచ్చే సోమవారం ఆఫీసరు ముందు నిలబడాలి, లేకపోతే దరఖాస్తు చెల్లదు, దొంగ ముద్ర అని తేలితే వేసినవాళ్ల మీద కేసు. ఇటు ఊళ్లో పటేలు మాట ఇంకొకటి తిరిగింది. ఆఫీసుకు పోయినవాళ్లు మళ్లీ తన చేను గట్టు తొక్కనక్కర్లేదని.

బాలమ్మ రెండు రోజులు కొట్టుకుంది. తను పోకపోతే తన వేలి కోసం ఈదమ్మ జైలుకు పోతుంది. మిగతా పది మంది నిజంగా వేశారు కాబట్టి ధైర్యంగా పోతారు, దొరికిపోయేది తన పేరు దగ్గరే. సోమవారం పొద్దున రామన్నకు చెప్పకుండా, కోడేరు బస్సు ఆగే కాలువ మోరీ దగ్గరికి నడుచుకుంటూ పోయింది.

ఈదమ్మ అప్పటికే మోరీ గట్టు మీద నిలబడి ఉంది. ఇద్దరు వచ్చారు. బాలమ్మ మూడోది. ఆ తర్వాత చేను అడ్డం పడి విజయమ్మ వచ్చింది. దూరాన ఎవరు కనిపించినా ఈదమ్మ మునివేళ్ల మీద లేచి చూసేది. అందరికంటే చివర, కుంటుకుంటూ తిప్పమ్మ వచ్చేసరికి అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏందక్కా, ఏడుస్తున్నవా?" అంది బాలమ్మ.

"పొద్దుగాల ఉల్లిగడ్డలు కోసిన లే" అంది ఈదమ్మ.

ఆఫీసులో పటేలు కుర్చీలో కూర్చున్నాడు. వీళ్లు గోడ వెంట నిలబడ్డారు. ఆఫీసరు ఒక్కొక్క పేరు పిలిచి, కాగితం చూపించి, "ఇది నీ వేలిముద్రేనా?" అని అడిగాడు. ఈదమ్మ "నాదే సారూ" అంది. రెండో మనిషి "నాదే" అంది. మూడు, నాలుగు కూడా అయ్యాయి. వాళ్లకేం, ఉన్న మాట చెబుతున్నారు అనుకుంది బాలమ్మ. ఆఫీసరు తన పేరు పిలిచాడు. పటేలు తనవైపే చూస్తున్నాడు. నోరు తెరిస్తే ఏం వస్తుందో ఆమెకే తెలియదు. వచ్చింది మాత్రం ఎంత గట్టిగా వచ్చిందంటే, బయట అరుగు మీద కూర్చున్న బంట్రోతు లోపలికి తొంగి చూశాడు.

"నాదే."

చివర తిప్పమ్మ దగ్గర ఆఫీసరు ఆగాడు. "ఈ ముద్రేంది, ఇంత పెద్దగుంది?" అన్నాడు.

"పల్లి పీకి పీకి వేళ్లు ఉబ్బినయ్ సారూ" అంది తిప్పమ్మ, రెండు చేతులూ ముందుకు చాపి.

ఆఫీసరు ఆ చేతుల్ని చాలాసేపు చూశాడు. పటేలు ఏదో అనబోతే, "పదకొండు మంది నా ముందర నిలబడి మాదే అంటున్నరు గద. ఇంకేం గావాలె?" అని కాగితం మీద ఏదో రాసి మూసేశాడు. చీరలు దులిపించడం ఆపాలని వారానికి హుకుం వచ్చింది. అది వచ్చాక మొదటి సాయంత్రం, చేను గట్టు మీద కావలివాడు అటు తిరిగి బీడీ ముట్టించుకుంటుంటే, ఆడవాళ్లు చేతులు ఊపుకుంటూ దాటిపోయారు. కొంగు దులపకుండా ఇల్లు చేరడం బాలమ్మకు కొత్తగా అనిపించి, దారిలో రెండుసార్లు తనే తడుముకుంది.

రామన్నను పటేలు ఆ నెలలోనే తీసేశాడు. ఈదమ్మ తన కౌలు చెలకలో ఒక ఎకరం చూపించి "దున్నుకో తమ్మీ" అంది. ఆ తర్వాత పద్నాలుగేళ్లలో సంఘం పిలిచిన ఏ పనికీ బాలమ్మ రాకుండా లేదు. సారా దుకాణం మూయించిన రోజు మొదట గుమ్మంలో కూర్చుంది ఆమే. కాన్పు కష్టమైన పిల్లను నాగర్‌కర్నూలు దవాఖానకు మంచం మీద మోసుకుపోతే ముందు కోడు పట్టింది ఆమే. అందరూ ధైర్యస్తురాలు అన్నారు. తనొక్కతే పిరికిది అన్న సిగ్గు వెనక నుంచి తోస్తోందని ఎవరికి తెలుసు?

సభ రోజు సంఘం ఇంటి ముందు పందిరి వేశారు. పదకొండు మందిలో మిగిలిన ఏడుగురినీ ముందు వరసలో కూర్చోబెట్టారు. సారు మాట్లాడాడు. తర్వాత, "ఈదమ్మకు కుడిభుజం లెక్క ఉన్న బాలమ్మ రెండు మాటలు చెప్తది" అన్నాడు. పందిరి గుంజ పక్కన జంగయ్య సంచిలో ఉలులతో కూర్చుని ఉన్నాడు.

బాలమ్మ లేచింది. ఈదమ్మ గురించి చెప్పాలనుకున్నవన్నీ ఎగిరిపోయాయి.

"రాయి మీద నా పేరు చెక్కకుండ్రి" అంది. "ఆ ముద్ర నాది గాదు. నేను భయపడిన. ఈదమ్మక్కనే తన చిటికెనేలు ఏసింది. పద్నాలుగేండ్లు మీ అందరికి అబద్ధం జెప్పుకుంట తిరిగిన. వీళ్ల నడుమ కూసునే మొకం నాకు లేదు."

కమల నోరు తెరుచుకుని చూస్తోంది. బాలమ్మ ముందు వరస నుంచి లేచి వెనక్కి పోబోయింది.

"యాడికి పోతవ్, కూసో" అంది తిప్పమ్మ. అరవై దాటిన ముసలమ్మ, చెంగు పట్టుకుని లాగింది. "నాది గూడ నేనెయ్యలే."

బాలమ్మకు అర్థం కాలేదు. అటు పక్క నుంచి విజయమ్మ మెల్లగా కుడిచెయ్యి ఎత్తి చూపుడు వేలు చూపించింది. "నాకు ఈ వేలేసింది. పది మంది ఏసిండ్రు, నీదొక్కటే ఉందన్నది. ఎవ్వరికి జెప్పకన్నది." ఆమె వెనక ఇంకొకరు ఉంగరం వేలు ఎత్తారు. ఒకరు నడిమి వేలు. ఒకరు ఎడమచేతి బొటనవేలు. ఇంకొకరు ఎడమచేతి చూపుడు వేలు. ఎత్తిన చేతులు ఒకదాన్ని ఒకటి చూసుకుంటున్నాయి. ఐదుగురు, ఐదు వేళ్లు.

"పోయినోళ్లు ముగ్గురన్న ఏసిండ్రో లేదో" అంది విజయమ్మ నీరసంగా.

"ఎయ్యలే" అంది తిప్పమ్మ. "ఎట్ల తెలుసంటవా? అందరికంటె ఎనుక నా తానికొచ్చింది. చేతి వేళ్లకు సిరా పట్టుకున్నది, ముద్ర సరిగ పడ్తలేదని, కాలి బొటనేలేసింది. ఏ వేలైతే ఏందని నేను ఊకున్న. పది వేళ్లు అయిపోయినయని నాకిప్పుడు సమజైతున్నది."

శంకరయ్య సారు కళ్లద్దాలు తీసి, "నా ప్యాడుల అంత గుంట ఎట్ల పడ్డదో అని యాడాది పరేషానైన" అన్నాడు.

మొదట ఎవరు నవ్వారో తెలియదు. పందిరి పందిరంతా నవ్వింది. కడుపులు పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అందరూ ధైర్యంగా నిలబడ్డారని తాలూకా అంతా చెప్పుకున్న దరఖాస్తు మీద, ఒక్క పొట్టి మనిషి పది వేళ్లూ, ఒక కాలి వేలూ తప్ప ఇంకేమీ లేవు. నవ్వుతూ నవ్వుతూనే బాలమ్మ ఏడుపులోకి పోయింది.

"దొంగదానా" అంది, ఎదురుగా ఈదమ్మ ఉన్నట్టే. "నేనొక్కదాన్నే పిరికిదాన్ననుకుంట పద్నాలుగేండ్లు సచ్చిన గదనే."

"మేం మాత్రం?" అంది తిప్పమ్మ. "నువ్వు ఏసినవనుకునే గద నేను కచేరికి వచ్చింది."

జంగయ్య లేచి, చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మరి నన్నేం చెక్కమంటరు సారూ? ముద్ర ఏసినోళ్లు అంటే ఇప్పుడు ఒక్క పేరే ఉంటది."

కళ్లు తుడుచుకుని బాలమ్మే చెప్పింది.

"ఏసిండ్రని రాయకు సారూ. కచేరికి పోయిన సోమారం రాయి. ఆ దినం ఎవ్వరి బదులు ఎవ్వరు నిలబడలే. పదకొండు మంది ఎవ్వరి కాళ్ల మీద వాళ్లు పోయినం, ఎవ్వరి నోటితోని వాళ్లు నాదే అన్నం."

సారు పాత వాక్యం కొట్టేసి, మోకాలి మీద కాగితం పెట్టుకుని కొత్తది రాయసాగాడు. కమల వచ్చి అత్త పక్కన కింద కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు మోరీ మీద ఒక్కతే నిలబడ్డది కమలా" అంది బాలమ్మ. "ఒక్కరు గూడ ముద్ర ఎయ్యలేదని దానికొక్కదానికే తెలుసు. ఎవ్వరొస్తరో తెల్వదు. మాపటికి తిరిగొస్తుంటే, పొద్దుగాల ఇంట్ల కట్టుకొచ్చిన సద్దిమూట బస్సుల ఇప్పింది. తలకు రెండు రొట్టెలు పంచింది. పదకొండు మందికి సరిపోయినయ్. ఒక్కటి మిగల్లే, ఒక్కటి తక్కువ గాలే."